ఒక్క డాలరు పాట జోలికి పోకు, బుజ్జీ

చి.ల.సౌ. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో మీ అమ్మది ఒకటే సంబరం. డిసెంబరులో వాళ్లిద్దరూ రాగానే ఓర్లాండో తీసుకెళ్తున్నావట. మామూలు హోటలు కాదట, రెండు పడకగదులూ వంటగదీ ఉన్న రిసార్టులో వారం రోజులట. అదీ ఈబేలో వేలం పాడి సగం ధరకే పట్టేస్తావట. "నీ కూతురు గడుసుదే" అన్నాను. అంత సంతోషమూ వేసింది, ఫోన్ పెట్టేశాక అంత గుబులూ పుట్టింది. వాట్సాప్‌లో చెబితే బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకుంటావని మెయిల్ రాస్తున్నాను. చివరిదాకా చదువు.

తేదీలు సరిచూసుకోవడం, అమ్మేవాడి ఫీడ్‌బ్యాక్‌లో ఇంతకుముందు ఇలాంటి వారాలు అద్దెకిచ్చాడో లేదో చూడటం నీకు నేను చెప్పక్కర్లేదు.

పాట పద్ధతి కూడా నీకు తెలిసే ఉంటుంది. నీ గరిష్ఠం 450 డాలర్లని పెట్టావనుకో, అవతలివాడి గరిష్ఠం 380 అయితే నీకు 385కే వస్తుంది. మెట్టు మెట్టుగా పెంచే పని సైటే చూసుకుంటుంది. కాబట్టి అదే రిసార్టులో అవే తేదీలకు నేరుగా బుక్ చేస్తే ట్యాక్సులతో కలిపి ఎంతో ముందు చూసుకో. దానికి బాగా తక్కువలో ఒక అంకె అనుకుని, ఒక్కసారి పెట్టేసి, లేచి వెళ్లిపో. చివరి క్షణాల్లో ఎవడో దూరి పెంచాడని నువ్వూ పెంచావో, అయిపోయావే! బాలాపూర్ లడ్డూకి 1994లో మొదటి పాట 450 రూపాయలు, 2024లో 30 లక్షలు దాటింది. అక్కడ భక్తి ఉంది, పౌరుషం ఉంది, ఊరి పరువుంది. ఓర్లాండో గదికి ఇవేవీ అక్కర్లేదు.

ఇక అసలు సంగతి. మీ పెదనాన్న ఒక్క డాలరు కథ నీకెవరూ చెప్పి ఉండరు. మా ఇంట్లో అది మాట్లాడటం నిషేధం.

2009 ప్రాంతం. మాంద్యం దెబ్బకి జనం తమ టైమ్‌షేర్లు, అంటే రిసార్టులో ఏటా ఒక వారం ఉండేందుకు కొనుక్కున్న వాటాలు, ఎలాగోలా వదిలించుకోవాలని ఎగబడుతున్న రోజులు. ఒక వేలం సైట్లో ఈయనకి కనపడింది: ఓర్లాండో, రెండు పడకగదులు, వారం, పాట ఒక్క డాలరు నుంచి. ఇంకెవరూ పాడటం లేదు. అక్కడైనా అనుమానం రావద్దూ? ఈయన పాడారు, గెలిచారు. ఆ ఆదివారం న్యూజెర్సీ బ్రిడ్జ్‌వాటర్ గుళ్లో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నారు. తర్వాత క్లోజింగ్ ఖర్చులని, బదిలీ ఫీజని కొన్ని వందల డాలర్లు అడిగారు. బుకింగ్ ఛార్జీలనుకుని కట్టేశారు. పంపిన కాగితాల మీద సంతకాలూ పెట్టేశారు.

కొన్నాళ్లకి పోస్టులో దళసరి కవరొచ్చింది. లోపల కౌంటీ ముద్ర వేసిన డీడ్, అంటే ఆస్తి హక్కు పత్రం. మా ఇద్దరి పేర్లూ, పక్కన 'భార్యాభర్తలు' అని. నా పేరులో ఒక అక్షరం తప్పు కూడాను. ఈయన పాడింది ఒక వారం బస కాదే తల్లీ, ఏటా ఆ వారం తాలూకు సొంతదారీ హక్కు! హక్కుతో పాటు ఏటా మెయింటెనెన్స్ బిల్లు కూడా మనదే. వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి, ఏటేటా పెరుగుతుంది. పైగా మాకొచ్చింది 36వ వారం. అంటే సెప్టెంబరు మొదట్లో, పిల్లలకి బడులు, ఫ్లోరిడాకి తుపాన్లు. మళ్లీ అదే ఒక్క డాలరుకి వేలానికి పెడితే తీసుకునే నాథుడు లేడు. చివరికి ఎన్నో ఏళ్ల తర్వాత, ఆ ఏటి బాకీ మొత్తం కట్టాకే, రిసార్టువాళ్లు వెనక్కి రాయించుకున్నారు. ఆ డబ్బుతో నాకు రెండు పేటల చంద్రహారం వచ్చేది.

ఆయనేం తెలివితక్కువవాడు కాదు, ఇంటి ట్యాక్సు కాగితాలన్నీ తనే నింపుకునే మనిషి. ఆ ప్రకటనలో డీడ్ అన్న మాట మూడుచోట్ల ఉంది. కళ్లన్నీ ఆ ఒకటి అంకె మీదే ఉంటే అదెక్కడ కనపడుతుంది?

అందుకని, నువ్వు పాడే ప్రకటనలో రెంటల్ అని ఉండాలి, ఫలానా రోజు చెక్-ఇన్, ఫలానా రోజు చెక్-అవుట్ అని ఉండాలి. ఏటా అనో, ఏడాది విడిచి ఏడాది అనో, పాయింట్లనో, క్లోజింగ్ అనో, మెయింటెనెన్స్ ఫీజు అనో కనిపిస్తే ఆ పేజీ మూసెయ్.

ఇంకొక్కటి అడుగు: "ఇది మీ సొంత వారమా, మార్పిడిలో తెచ్చుకున్నదా?" ఆర్‌సీఐ, ఇంటర్వల్ ఇంటర్నేషనల్ లాంటి సంస్థల ద్వారా జనం తమ వారాలు మార్చుకుంటారు. అలా వచ్చిన వారాన్ని గెస్ట్ సర్టిఫికెట్ మీద చుట్టాలకో స్నేహితులకో ఇవ్వొచ్చు గానీ అమ్ముకోకూడదని వాళ్ల నిబంధన. బయటపడితే రద్దు చేస్తారు. రద్దయ్యేది వాడి వారం, రోడ్డున పడేది మీరు.

నా భయమంతా అదే. రాత్రి తొమ్మిదింటికి విమానం దిగి, సామానంతా ఈడ్చుకుంటూ వెళ్తే, కౌంటర్లో పిల్ల కంప్యూటర్ వంక చూసి "మీ పేరు మీద ఏమీ లేదండీ" అనడం. నువ్వు ఫోన్లు చేస్తూ తిరుగుతుంటే మీ అమ్మ ఆ మోకాళ్లతో లాబీలో కూర్చోవడం. అది తలుచుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. అమ్మేవాడు మీ పేరు రిజర్వేషన్‌లో ఎక్కించాక, నువ్వే రిసార్టుకి ఫోన్ చెయ్యి. నంబరు రిసార్టు సొంత సైట్లోంచి తీసుకో, ప్రకటనలోది కాదు. ఎవరి పేరుంది, చెక్-ఇన్‌కి వయసు నిబంధన ఏమైనా ఉందా, డిపాజిట్ ఎంత, రిసార్ట్ ఫీజు ఉందా, అన్నీ కనుక్కో.

డబ్బు క్రెడిట్ కార్డు మీదే కట్టు, సైటు బయట వద్దు. జెల్ (బ్యాంకు నుంచి బ్యాంకుకి నేరుగా డబ్బు పంపే పద్ధతి) చెయ్యి, తగ్గిస్తా అన్నాడంటే వాడికో దండం. కార్డు మీద అభ్యంతరం చెప్పడానికి చట్టం ఇచ్చే గడువు ఆ ఖర్చు పడిన మొదటి స్టేట్‌మెంట్ పంపాక 60 రోజులు, అందుకని మరీ ఆరేడు నెలల ముందే పాడేయకు.

తాళాలు తీసుకున్నాక పార్కింగ్ పాస్ కోసం పక్క డెస్కుకి పంపుతారు. అక్కడ చిరునవ్వుతో "90 నిమిషాలు కూర్చుంటే పార్కు టికెట్లలో తగ్గింపు" అంటారు. కూర్చోబెట్టేది టైమ్‌షేర్ అంటగట్టడానికే. మీ నాన్నని అటు పోనివ్వకు. ఆయనకి మొహమాటం ఎక్కువ, కాఫీ ఇచ్చారని సంతకం పెట్టే రకం.

వంటగదిలో గిన్నెలూ పళ్లేలూ అన్నీ ఉంటాయి, కుక్కర్ మాత్రం ఉండదు. చిన్నది పెట్టెలో పెట్టుకో, పప్పు లేకపోతే మీ నాన్నకి ముద్ద దిగదు. పాడే ముందు లింకు నాకు పంపు, పెదనాన్నకి పంపకు, ఆయన ఇంకా తక్కువలో ఏదో చూపిస్తారు.

ఎంతకి పాడావో మీ అమ్మకి మాత్రం చెప్పకు. రూపాయల్లోకి మార్చి లెక్కేసుకుని ఆ వారమంతా నిద్రపోదు.

మీ పెద్దమ్మ