కప్పల చదువా, బయోటెక్నాలజీనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. వర్షారణ్యాల కప్పల మీద పరిశోధన చేస్తానంటోంది. మేం బీఎస్సీ బయోటెక్నాలజీ అంటున్నాం. ఆడపిల్ల రాత్రిపూట అడవుల్లో తిరగడమేంటని చుట్టాలు నవ్వుతున్నారు. ఏది మంచిది?
– ఒక తండ్రి, అచ్చంపేట

జవాబు: ముందు మీరు మంచిదనుకుంటున్న దాని సంగతి చూద్దాం. బయోటెక్నాలజీ పేరు పెట్టి, సరైన ల్యాబు కూడా లేని కాలేజీలు చాలా ఉన్నాయి. మూడేళ్లలో పీసీఆర్ మిషన్ (డీఎన్‌ఏకు నకళ్లు తీసే యంత్రం) ముట్టుకోని పిల్లలు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు అర్హత ఇచ్చే డిగ్రీ సబ్జెక్టుల్లో జువాలజీ, బాటనీ ఉన్నాయి, బయోటెక్నాలజీ లేదు. జువాలజీ జూనియర్ లెక్చరర్ పోస్టుకు జువాలజీ పీజీనే అడుగుతారు. ఫీజు కట్టేముందు ఇవేవీ కనుక్కోకపోతే ఎలా?

ఇక కప్పలు. ప్రపంచంలోని ఉభయచరాల్లో దాదాపు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. చైట్రిడ్ అనే బూజు చర్మానికి పడితే ఒంట్లో లవణాలు తగ్గి కప్ప గుండె ఆగిపోతుంది. మధ్య అమెరికా వర్షారణ్యాల్లో కొన్ని జాతులు అలాగే తుడిచిపెట్టుకుపోయాయి. ఆ బూజును పట్టుకోవాలంటే డీఎన్‌ఏ పరీక్ష చేయాలి. అంటే మీరు కోరుకున్న బయోటెక్నాలజీని ఆమె ఎలాగూ నేర్చుకుంటుంది, అదీ ఒక అవసరం కోసం. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్ల వన్యప్రాణి సంరక్షణ ల్యాబు ల్యాకోన్స్‌లో ఈ పని జరుగుతోంది. ఏడాదిలో ఎక్కువ కాలం భూమిలోనే ఉండి, తొలకరికి కొద్దిరోజులు మాత్రం పైకొచ్చే ఊదారంగు కప్పను శాస్త్రలోకానికి పరిచయం చేసింది 2003లోనే. అదీ మన పడమటి కనుమల్లో! చేయాల్సింది ఇంకా చాలా ఉంది.

ఉద్యోగాలు తక్కువన్నది నిజం. పీజీ అయ్యాక కొన్నేళ్లు ప్రాజెక్టు జీతాలే, పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి. అయితే దారి మూసుకుపోదు: బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో, డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో వన్యప్రాణుల ఎమ్మెస్సీలున్నాయి. అక్కడ కుదరకపోయినా జువాలజీతో బీఎడ్, లెక్చరర్ పోస్టులు, గ్రూప్స్ ఉండనే ఉన్నాయి.

రాత్రి అడవి గురించి: కప్పలు ఎక్కువగా వానరాత్రుల్లో అరుస్తాయి కాబట్టి వెళ్లక తప్పదు. కానీ ఎవరూ ఒంటరిగా వెళ్లరు. అటవీశాఖ అనుమతితో, స్థానికులను వెంటబెట్టుకుని బృందంగా వెళ్తారు. ఆడపిల్లలు చాలామందే చేస్తున్నారు. భయపడటం తండ్రిగా మీ హక్కు. కానీ నవ్వే చుట్టాలు మీ అమ్మాయి ఫీజు కడతారా? వాళ్ల మాటను ఇంట్లోకి తెచ్చి ఆమె ముందు ఎందుకు పెట్టారు? పదిహేడేళ్ల పిల్ల తనకేం కావాలో ఇంత స్పష్టంగా చెప్పడం అరుదు. మందలించాల్సిన పిల్ల కాదు.

డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో మొదటి ఆప్షన్‌గా బీజెడ్‌సీ (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పెట్టించండి. ల్యాబు, జువాలజీ లెక్చరర్ ఉన్న కాలేజీయేనా అని మీరే వెళ్లి చూసి రండి. ఇంగ్లీషు, స్టాటిస్టిక్స్ ఇప్పటినుంచే చదవమనండి, పరిశోధనలో చాలామంది తడబడేది అక్కడే.