పెరటి ముచ్చట్లు: కీచురాళ్లు, చిన్న చెట్లు

ప్రశ్న: మా బిడ్డ, అల్లుడు న్యూజెర్సీలో ఇల్లు కొన్నారు. ముంగిట జపనీస్ మేపుల్, డాగ్‌వుడ్ మొక్కలు పెట్టాలని ఉందట. పదిహేడేళ్లకోసారి కీచురాళ్లు లక్షల్లో లేచి చిన్న చెట్లను ఎండబెడతాయని ఇరుగుపొరుగు భయపెడుతున్నారు. ముందే మందు కొట్టించుకుంటే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: మందు దండగమ్మా. ఆ పురుగు ఆకులు తినదు. ఆడది పెన్సిలంత లావు రెమ్మల్ని చీల్చి, ఒక్కో చీలికలో ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. పొద్దున కొట్టిన మందుకు చెట్టు మీదివి చచ్చినా, సాయంత్రానికి పక్కింటి చెట్ల నుంచి మళ్లీ వచ్చి వాలతాయి. మధ్యలో పోయేది తేనెటీగలే.

ముందు ఏడాది లెక్క చూసుకోమనండి. న్యూజెర్సీ ఉత్తరాన 2013లో లేచిన గుంపు మళ్లీ 2030లో లేస్తుంది. ప్రిన్స్‌టన్ వైపు 2021లో వచ్చింది, ఇక 2038 దాకా రాదు. వాళ్ల వీధిలో ఏ గుంపు వచ్చిందో పాత కాపురస్తులను అడిగితే చెబుతారు. 2030 గుంపైతే ఆ వసంతంలో కొత్త మొక్క పెట్టొద్దు, ఆకురాలే కాలం దాకా ఆగాలి. ముందే పెట్టిన మొక్క అప్పటికీ చిన్నదైతే వల కప్పాల్సిందే.

వల కన్ను 6 మిల్లీమీటర్లు దాటొద్దు. పిట్టల కోసం అమ్మే పెద్ద కన్ను వల కొంటే డబ్బు పోయినట్టే, అందులోంచి దూరిపోతాయి. షేడ్‌నెట్, పాత చీర వద్దు, వెలుతురు అందదు, లోపల ఉక్క పోస్తుంది. కొమ్మల మీదుగా వల దింపి, అన్నిటికన్నా కింది కొమ్మకు దిగువన మొదలు చుట్టూ దగ్గరికి తీసి తాడుతో కట్టాలి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. గొడుగులా వేసి కింద వదిలేస్తారు. ఆ చెట్టు కింది నేలలోంచే పురుగులు లేచి, మొదలు పట్టుకుని పైకెక్కి వలలోనే కూర్చుంటాయి! మరీ బిగించినా కొత్త చిగుర్లు వంకరపోతాయి.

20 సెంటీమీటర్ల లోతున మట్టి 18 డిగ్రీల సెల్సియస్‌కు వెచ్చబడితే అవి బయటికొస్తాయి. అక్కడ అది దాదాపు మే నడిమి. వచ్చిన పది రోజులకు గానీ గుడ్లు మొదలుకావు కాబట్టి, మొదటి పురుగు కనబడగానే కట్టినా ఆలస్యం కాదు. నాలుగు నుంచి ఆరు వారాలకు రొద ఆగిపోతుంది, అప్పుడు తీసేయాలి.

కప్పడం కుదరకపోతే రెమ్మల కొసలు ఎండి వేలాడతాయి. పెద్ద చెట్టుకు అదొక లెక్క కాదు. చిన్న మొక్కకు నడిమి కొమ్మే చీలితే గాలికి విరిగి, ఆకారం చెడుతుంది. చీలికకు దిగువన కోసేయాలి. ఆరేడు వారాల్లో గుడ్లు పగులుతాయి కాబట్టి ఆలోపే కోసి, ఆ రెమ్మల్ని దూరంగా పారేయాలి. చెట్టు కిందే వదిలితే పిల్లలు మట్టిలోకి దిగి వేళ్ల రసం పీలుస్తాయి.

ప్రశ్న: ఎండాకాలం మా ఇంటి దగ్గర కీచురాళ్ల రొద. రెండేళ్ల తురాయి మొక్కకు కొమ్మ ఎండింది. వల కట్టాలా?
– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: అవసరం లేదు. మన దిక్కువి ఏటా కొన్ని కొన్నిగా వచ్చేవే. మన దేశంలో లెక్క కట్టినట్టు గుంపుగా లేచేది మేఘాలయ రి-భోయ్ జిల్లాలో, అదీ నాలుగేళ్లకోసారి. చప్పుడు వినబడిందని నేరం దాని మీద వేయకండి, ఎండిన కొమ్మను చేతిలోకి తీసుకుని చూడండి. చీలికలు వరుసగా లేకపోతే కీచురాయి పని కాదు.

మొదలు మీద, కొమ్మల పంగల్లో పొట్టు, పెంటికలు కలిసిన జిగట గూడు కనబడితే అది బెరడు తినే గొంగళి. గూడు గీకేసి, రంధ్రంలో సన్నని తీగ పొడిచి, కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి బంకమట్టితో మూయండి. అలా కాకుండా లేత కొమ్మల మీద కొమ్ములున్న చిన్న పురుగులు, వాటి చుట్టూ చీమలు ఉంటే, అవి రసం పీల్చేవి. పైపు నీళ్లు జోరుగా కొట్టి రాల్చండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి, పొద్దుగూకినాక చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.