చదువు మానేసి మైకు పట్టుకుంటానంటున్న అబ్బాయి

ప్రశ్న: డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇరవై ఏళ్లుగా ఉంటున్నాం. అబ్బాయి ఇక్కడే పుట్టాడు, కంప్యూటర్ సైన్స్ రెండో ఏడు. కారెక్కితే కన్జర్వేటివ్ టాక్ రేడియో, అంటే మితవాద రాజకీయ చర్చల షోలు తప్ప ఇంకేమీ వినడు. చదువు మానేసి రేడియోలో చేరతాడట, అయిదేళ్లలో ఫాక్స్ న్యూస్‌లో కనిపిస్తాడట. ఆ షోలతో పేరు తెచ్చుకున్న లింబా, హానిటీ డిగ్రీలు చేశారా అని ఎదురడుగుతున్నాడు. జర్నలిజం, లా, సొంత పాడ్‌కాస్ట్, వీటిలో ఏది మేలు? మా బంధువుల పిల్లలంతా పెద్ద కంపెనీల్లో ఉన్నారు. నలుగురిలో మేమేం చెప్పుకోవాలి?

జవాబు: మీ వాడు చెప్పింది అబద్ధం కాదు. రష్ లింబా కాలేజీలో ఉన్నది రెండు సెమిస్టర్లు, ఒక వేసవి మాత్రమే. షాన్ హానిటీ, అలాంటి ఇంకో హోస్ట్ గ్లెన్ బెక్ కూడా డిగ్రీ పూర్తి చేయలేదు. అయితే లింబా దేశమంతటా వినిపించడం మొదలైంది 1988 ఆగస్టులో, 37 ఏళ్ల వయసులో. అంతకుముందు స్టేషన్ల చుట్టూ తిరిగి, ఉద్యోగాలు పోగొట్టుకుని, ఒక బేస్‌బాల్ జట్టు ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసి, చివరికి శాక్రమెంటోలో నిలదొక్కుకున్నాడు. హానిటీ 1989లో ఒక కాలేజీ స్టేషన్‌లో మొదలుపెట్టి, అలబామాలోని హంట్స్‌విల్, ఆపైన అట్లాంటా మీదుగా 1996లో ఫాక్స్‌కు చేరాడు. ఏడేళ్లు పట్టింది. అదీ ఆ ఛానల్ అప్పుడే పుట్టి, మనుషుల కోసం వెతుకుతున్న రోజుల్లో.

ఇప్పుడా హంట్స్‌విల్ మెట్టే, అంటే చిన్న ఊరి స్టేషన్‌లో లోకల్ షో దొరకడమే అరుదైపోయింది. వివాదాస్పద విషయాల్లో భిన్న వాదనలూ వినిపించాలన్న ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్‌ను ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1987లో ఎత్తేశాక ఒకవైపు వాదనతో గంటల కొద్దీ షో నడపడం సులువైంది. ఆ షోలను సిండికేటర్లు (ఒకే షోను చాలా స్టేషన్లకు పంచే కంపెనీలు) చిన్న స్టేషన్లకు చాలాసార్లు డబ్బు తీసుకోకుండానే ఇస్తారు, బదులుగా గంటలో కొన్ని నిమిషాల ప్రకటనల సమయం తమ దగ్గర ఉంచుకుంటారు. ఉచితంగా పెద్ద పేరు దొరుకుతుంటే, జీతమిచ్చి లోకల్ కుర్రాణ్ణి కూర్చోబెట్టే మేనేజరెవరు? పైగా పెద్ద గొలుసు కంపెనీలు అప్పుల్లో మునిగాయి. క్యుములస్ 2017లో, ఐహార్ట్ 2018లో దివాలా రక్షణ కోరాయి. మీ వాడు ఎక్కాలనుకుంటున్న మెట్లను మీ వాడి అభిమాన హోస్ట్‌లే పీకేశారు. ఈ మాట వాడికి చెప్పండి, కోపం తెచ్చుకున్నా సరే.

రేడియోలో గెలిచినవాడు టీవీలోనూ గెలుస్తాడన్న నమ్మకం ఇంకోటి. లింబా అరగంట టీవీ షో 1992 నుంచి 1996 దాకా నడిచింది, నిర్మాత తర్వాత ఫాక్స్ న్యూస్‌ను నడిపిన రోజర్ ఐల్స్ అంతటివాడు, అయినా ఆగిపోయింది. అంతకుముందు 1990లో పాట్ సజాక్ టీవీ టాక్ షోకు అతిథి హోస్ట్‌గా వెళ్తే, స్టూడియోలో ప్రేక్షకుల గోల తట్టుకోలేక వాళ్లను ఖాళీ చేయించి ముగించాల్సి వచ్చింది. రేడియోలో సలహాలిచ్చే డాక్టర్ లారా టీవీ షో ఒక్క సీజన్‌కే పోయింది. రేడియో హోస్ట్ మైకేల్ సావేజ్‌ను ఎంఎస్‌ఎన్‌బీసీ వార్తా ఛానల్ 2003లో నాలుగు నెలలకే పంపేసింది, ఫోన్ చేసినవాడితో అన్న మాటలకు.

రేడియోలో కాల్ స్క్రీనర్ ముందే వడపోస్తాడు, కొన్ని సెకన్ల ఆలస్యం ఉంటుంది, నచ్చకపోతే మీట నొక్కితే అవతలి గొంతు మాయం. మూడు గంటల్లో ఒకే వాదనను నాలుగుసార్లు తిప్పి చెప్పొచ్చు. టీవీ గంటలో ప్రకటనలు పోగా మిగిలేది నలభై నిమిషాల పైచిలుకు. చెవిలో ఇయర్‌పీస్‌లో ప్రొడ్యూసర్ మాట్లాడుతుంటే ఎదుటి అతిథి జవాబు వినాలి, ప్రాంప్టర్ (కెమెరా దగ్గర మాటలు చూపే తెర) చదవాలి, ముఖం కదలకూడదు. కాగితం చూసి మాట్లాడే రేడియో అలవాటుంటే తెరమీద నడినెత్తి కనిపిస్తుంది. ఇప్పుడు విస్తరణ అంటే చాలాచోట్ల రేడియో గదిలోనే కెమెరాలు పెట్టడం. సేలం రేడియో కంపెనీ వాళ్ల సేలం న్యూస్ ఛానల్ చేస్తున్నది దాదాపు అదే. ఇక్కడ రేడియో బ్రేకులూ తెర బ్రేకులూ ఒకే క్షణాన రాకపోతే ఆ ఖాళీని హోస్టే నింపాలి.

ఇక పాడ్‌కాస్ట్. పిల్లలందరి నోటా ఇదే, నాకు అన్నిటికంటే ఎక్కువ అనుమానం దీనిమీదే. పాడ్‌కాస్ట్‌తో పేరు తెచ్చుకున్న బెన్ షపీరోను చూపిస్తారు. ఆయన పదిహేడేళ్లకే సిండికేటెడ్ కాలమ్ రాసినవాడు, హార్వర్డ్ లా చదివినవాడు, 2015లో ఆయన మీడియా సంస్థ డైలీ వైర్ మొదలైంది టెక్సస్ చమురు సంపన్నుల పెట్టుబడితో. పడకగదిలో మైకు పెట్టుకుంటే వచ్చింది కాదది. గడియారం లేని షోలో వాగుడు పెరుగుతుంది. ఆపేవాడు లేక వేడి మాట వైరల్ అవుతుంది, ఇరవై ఏళ్లప్పుడు అన్నది ముప్ఫై ఏళ్లకు ఉద్యోగమిచ్చేవాడి తెరమీద తేలుతుంది. పరువునష్టం దావాకు పాడ్‌కాస్ట్ అయినా ఛానల్ అయినా ఒకటే. ఫాక్స్ 2023లో ఓటింగ్ యంత్రాల కంపెనీ డొమీనియన్ వేసిన దావాలో ఆ కంపెనీతో 78.75 కోట్ల డాలర్లకు రాజీపడింది, కుర్రాడి వెనక అంత ఖజానా లేదు.

లా మేలు. లారా ఇంగ్రాహం, మార్క్ లెవిన్, హ్యూ హ్యూవిట్, లారీ ఎల్డర్, ఈ హోస్ట్‌లంతా లా చదివినవాళ్లే, షో పోయినా పట్టా ఉంటుంది. జర్నలిజం డిగ్రీ మాత్రం ఈ రంగంలో ఎవరూ అడగరు.

ఇప్పుడు మీ సంగతి. ఇంత ఉత్తరంలో వాడు ఏం మాట్లాడతాడో, బాగా మాట్లాడతాడో లేదో ఒక్క ముక్క లేదు. బంధువుల పిల్లల కంపెనీలున్నాయి. వాడి రికార్డింగ్ ఒక్కటైనా విన్నారా? మీ భయం ఉద్యోగం గురించా, వాడి రాజకీయాలు మీ స్నేహితుల చెవిన పడతాయనా? రెండోదైతే దానికి కెరీర్ సలహా లేదు. మొదటిదైతే నిదానించండి. ఇక్కడ పుట్టాడు కాబట్టి, ఇరవై ఒకటి నిండితే హెచ్-4 (తల్లిదండ్రుల వీసా మీద పిల్లలకిచ్చే వీసా) పోతుందన్న బాధ లేదు. రెండో ఏట ఆసక్తి మారడం వింతా కాదు. రేడియో పనికి వారానికి పది గంటలు పోతే డిగ్రీ పోదు, మానేస్తే మాత్రం స్కాలర్‌షిప్ తిరిగి రాకపోవచ్చు. మాననివ్వకండి.

వాడితో ఒప్పందం ఇలా చేసుకోండి. కాలేజీ స్టేషన్‌లో వారానికో గంట లైవ్, ఏడాది పాటు. గంట మొదట్లో వార్తలకు అయిదారు నిమిషాలు వదిలి, మిగతాది నాలుగు భాగాలు, ప్రతి భాగమూ చెప్పిన సెకనుకు ముగియాలి. తనతో విభేదించేవాళ్లవే సగం ఫోన్లు తీసుకోవాలి. వాటిలోంచి అయిదు నిమిషాలకు మించని ఎయిర్‌చెక్ (ఉద్యోగానికి పంపే నమూనా రికార్డింగ్) తయారుచేయాలి, తొలి పది సెకన్లలోనే గొంతు వినిపించాలి, సంగీతంతో మొదలైతే, స్టేషన్‌లో షోలను ఎంచుకునే ప్రోగ్రామ్ డైరెక్టర్ అక్కడే ఆపేస్తాడు. వేసవిలో ఏదైనా న్యూస్-టాక్ స్టేషన్‌లో వారాంతపు బోర్డు ఆపరేటర్ (ప్రసార కంట్రోల్ ప్యానెల్ నడిపేవాడు) పనికి, లేదా కాల్ స్క్రీనర్ పనికి అడగాలి. హోస్ట్ ఉద్యోగం అడిగితే జవాబు రాదు, శనివారం తెల్లవారుజామున బోర్డు చూస్తానంటే వస్తుంది. కంప్యూటర్ తెలిసినవాడు ప్రసారాన్ని నడిపే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ చెడితే బాగుచేస్తాడు గనుక ఉంచుకుంటారు. ఎప్పుడైనా కాంట్రాక్టు వస్తే, షో ఆడియో హక్కులెవరివి, టీవీలో కనిపించడానికి అనుమతి కావాలా, మానేశాక ఎన్ని నెలలు పోటీ స్టేషన్‌కు వెళ్లకూడదు, ఈ మూడూ లాయరు చదివాకే సంతకం. ఏడాది తర్వాత కూడా ఇంతే ఉత్సాహముంటే లా కాలేజీ ప్రవేశ పరీక్ష ఎల్‌ఎస్‌ఏటీ గురించి మాట్లాడండి.

నలుగురిలో ఏం చెప్పుకోవాలన్నారు. "కంప్యూటర్ సైన్స్ చదువుతూ రేడియో స్టేషన్‌లో పనిచేస్తున్నాడు" అనండి. కాకపోతే ముందా పని వాడికి దొరకాలి, దానికి మెయిల్ రాయాల్సింది వాడు, మీరు కాదు.