రికార్డు చివర్లో గరగర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంగ్లండు సింథసైజర్ బ్యాండు హ్యూమన్ లీగ్ వాళ్ల ‘డేర్’ ఆల్బమ్ రీమాస్టర్ రికార్డు కొత్తది తెప్పించుకున్నాను. మొదట్లో పాటలు శుభ్రంగా ఉన్నాయి. రెండో సైడ్ చివర ‘డోంట్ యూ వాంట్ మీ’ వచ్చేసరికి ‘స’ పలికిన చోటల్లా గరగరమంటోంది. కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే చిన్న డబ్బా) ఆడియో టెక్నికా వీఎం95ఈ. రికార్డు వాపసు చేసెయ్యమంటారా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: తొందరపడకండి. 1981లో ఆల్బమ్ వచ్చినప్పుడూ ఆ పాట రెండో సైడ్ చివరే ఉంది. తంటా అక్కడే. రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచున ముల్లు కింద గాడి సెకనుకి సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది, లేబుల్ దగ్గర 21 మాత్రమే. అంటే అదే ‘స’ సగం కంటే తక్కువ చోటులో ఇరుక్కోవాలి. ముల్లు కాస్త వంకరగా కూర్చున్నా మొదటి పాటల్లో తెలియదు, ఇక్కడ బయటపడిపోతుంది.

ముందు ముల్లు రికార్డు మీద మోపే బరువు చూడండి. ఈ కార్ట్రిడ్జ్‌కి 2 గ్రాములు పెట్టాలి, 1.8 నుంచి 2.2 దాకా ఫరవాలేదు. బంగారం తూచే రకం చిన్న డిజిటల్ కాటాతో, రికార్డు ఎత్తులోనే తూచండి. గాడి అరుగుతుందని భయపడి బరువు తగ్గించేవాళ్లు చాలామంది. తేలికైన ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా పాడుచేస్తుంది.

తర్వాత కార్ట్రిడ్జ్ కోణం. ప్రొట్రాక్టర్ కాగితం (కోణం సరిచూసుకునే గీతల పటం) జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే, వాళ్లు పేజీకి సరిపడేలా కుదించేస్తారు. నూరు శాతం సైజులోనే తీయించి, దాని మీది గీతను స్కేలుతో కొలిచి చూసుకోండి. బేర్వాల్డ్ అనే కోణం లెక్కలో, రికార్డు రంధ్రంలో దూరే మధ్య కడ్డీ నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర రెండు చుక్కలుంటాయి. రెండు చోట్లా కార్ట్రిడ్జ్ గీతలకి సమాంతరంగా నిలవాలి. నిలవకపోతే రెండు స్క్రూలు వదులు చేసి, ముల్లుకి మూత పెట్టి, కొద్దికొద్దిగా జరపండి. జరిపాక బరువు మళ్లీ తూచాలి.

గరగర కుడి స్పీకర్లోనే ఎక్కువైతే యాంటీ స్కేటింగ్ (ముల్లున్న చెయ్యి లోపలికి లాక్కుపోకుండా ఆపే సర్దుబాటు) తక్కువైందన్నమాట, కొంచెం పెంచండి. ఇంకా తగ్గలేదంటే అదే బాడీకి వీఎం95ఎంఎల్ ముల్లు సరిపోతుంది. దాని కొన సన్నం, ఖరీదు మాత్రం బాగా ఎక్కువ.

వాపసు చేయాల్సిన లోపాలు వేరే. 1.8 సెకన్లకోసారి అదే చోట టిక్కుమంటున్నా, శ్రుతి అదే లయలో ఊగుతున్నా ప్రెస్సింగ్ తప్పే. రెండోది రంధ్రం నడిమధ్య లేకపోతే వస్తుంది. సింథసైజర్ స్వరం కదలకుండా నిలబడుతుంది కాబట్టి, ఆ ఊపు ఈ సంగీతంలో వెంటనే దొరికిపోతుంది.

ప్రశ్న: రీమాస్టర్ అన్నారు, 180 గ్రాములన్నారు. పాత రికార్డు కంటే బాగుంటుందా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: 180 గ్రాములు ప్లాస్టిక్ బరువు, నాదం కాదు. రీమాస్టర్ అంటే పాత రికార్డింగునే శబ్దాల తూకం సరిచేసి, గాడి కొత్తగా కోయడం. కవరు మీద ‘హాఫ్ స్పీడ్’ అని ఉంటే కోసే యంత్రాన్ని, మూలాన్ని సగం వేగంతో నడిపారని, పైస్థాయి శబ్దాలు చెక్కడానికి సూదికి తీరిక దొరికిందని. అలాగని లేని వివరం పుట్టుకురాదు. ఈ ఆల్బమ్ డ్రమ్ములు లిన్ ఎల్ఎం-1 యంత్రంవి, 8 బిట్ శబ్దాలే, అంటే తక్కువ వివరంతో దాచినవి. ఆ గరుకుదనమే దాని అందం!

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే స్పీకర్లో జుయ్యిమంటుంది. ఎందుకని?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ (కరెంటును నున్నటి అలగా కాక మెట్లుగా ఇచ్చేది) అయ్యుంటుంది. కార్ట్రిడ్జ్ ఇచ్చేది నాలుగైదు మిల్లీవోల్టులు, ఫోనో యాంప్ దాన్ని వంద రెట్లు పెంచుతుంది. లైన్లో ఉన్న చెత్త కూడా వందరెట్లవుతుంది. నున్నటి అలనిచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే తీరుతుంది. కొనే ముందు టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు యాంప్ వెనక స్క్రూకి బిగిసి ఉందో లేదో, గోడలో మూడో పిన్ను నిజంగా భూమికి కలిసిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కరెంటున్నప్పుడు కూడా సన్నగా హమ్ వస్తుంటే తప్పు ఎర్త్‌దే అయ్యుండొచ్చు.