పాతపేట పునరాభివృద్ధి: ఇళ్లకూ వ్యాపారాలకూ చోటు గురించి

చిరంజీవికి శుభాశీస్సులు.

పాతపేట పునరాభివృద్ధి ప్రణాళికలో నీకు బాధ్యత అప్పగించారనీ, నివాసాలకు ఎంత, వ్యాపారాలకు ఎంత భూమి అన్న లెక్క దగ్గరే పని ఆగిపోయిందనీ రాశావు. ఆ నిష్పత్తిని ముందే తేల్చేయాలన్న తొందర మానుకో. ఏ కాలంలోనైనా ఈ రెండింటిలో ఒకదానికి భూమి మీద ఎక్కువ ధర పలుకుతుంది. అడ్డు లేకపోతే అది రెండోదాన్ని మింగేస్తుంది. నీ పేటలో ఇప్పుడు ఓడిపోయే వైపు ఏదో, దాన్ని ఏ నిబంధన నిలబెట్టగలదో ముందు తెలుసుకో.

కెనడాలోని వాంకూవర్ నగరం 1991 నాటి కేంద్ర ప్రాంత ప్రణాళికతో, కార్యాలయాల కోసం ఉంచిన భూమిలో కొంత నివాసాలకు మళ్లించింది. నడిబొడ్డున కాపురం ఉండేవారు బాగా పెరిగారు. అది నిజమైన విజయమే. అయితే ఇళ్లకు పలికే ధరతో కార్యాలయాలు పోటీపడలేక, చివరకు 2009లో ప్రధాన వ్యాపార కేంద్రంలో కొత్త నివాసాలను కట్టడి చేసి, ఉద్యోగాలకు చోటు కాపాడుకోవలసి వచ్చింది. ఇంగ్లండ్ 2013లో కార్యాలయాలను పూర్తి ప్రణాళికా అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకోనిచ్చింది. కిటికీలు సరిగా లేని ఇరుకు ఇళ్లు పుట్టుకొచ్చాక, అలాంటి ఇళ్లలో సహజమైన వెలుతురు ఉండాలని 2020లోనూ, కనీస విస్తీర్ణం ఉండాలని 2021లోనూ నిబంధనలు చేర్చింది. వినియోగం మార్చుకునే స్వేచ్ఛ ఇవ్వడంలో తప్పులేదు, కానీ నాణ్యతకు సంబంధించిన షరతులు ఆ అనుమతితోపాటే రావాలి.

నీ శ్రమలో ఎక్కువ భాగం నేల అంతస్తుకే కేటాయించు, ఎందుకంటే ఇల్లూ అంగడీ నిజంగా ఎదురుపడేది అక్కడే. ప్రతి వీధిలోనూ కింద దుకాణాలు తప్పనిసరి అని రాస్తే, కొనేవారి సంఖ్యకు మించి దుకాణాలు వచ్చి, ఏళ్ల తరబడి షట్టర్లు దించి ఉంటాయి. జనం ఎక్కువగా నడిచే ఒకటి రెండు వీధులకే ఆ షరతు పెట్టి, మిగిలిన చోట్ల నేల అంతస్తును ఇల్లుగానైనా, కార్యాలయంగానైనా, వర్క్‌షాపుగానైనా వాడుకునేలా తగినంత ఎత్తుతో కట్టమని అడుగు. జర్మనీలోని హాంబర్గ్ నగరం సుమారు 157 హెక్టార్ల పాత రేవు ప్రాంతంలో నిర్మిస్తున్న హాఫెన్‌సిటీ అనే కొత్త పేటలో చాలా భవనాల నేల అంతస్తును 5 మీటర్ల ఎత్తుతో కట్టించింది; ఈనాడు గిరాకీ లేని వ్యాపారానికి పదేళ్ల తర్వాత అక్కడ చోటు దొరకాలంటే గోడలు పడగొట్టనక్కరలేదు. లోపలి వీధుల్లోని ఇళ్లలో చిన్న దుకాణాలను పూర్తిగా నిషేధించవద్దు. జపాన్‌లో అత్యంత కఠినమైన నివాస మండలంలో కూడా, ఇంటి విస్తీర్ణంలో సగానికి మించకుండా, 50 చదరపు మీటర్ల లోపు, కొన్ని రకాల దుకాణాలు నడుపుకోవచ్చు.

కలిపి కట్టిన భవనాల్లో తగాదాలు ఎక్కువగా సరుకు దించే చోటు, వంటగది పొగగొట్టం, రాత్రి చప్పుడు, చెత్త గది దగ్గరే మొదలవుతాయి. నివాసులకు మెట్లూ లిఫ్టూ వేరుగా ఉండాలని, పొగగొట్టం పైకప్పు దాటాలని నిబంధనల్లోనే రాయించు. పార్కింగ్ విషయంలో మాత్రం కలయిక మేలు చేస్తుంది: కార్యాలయాల వాహనాలు పగలు, నివాసులవి రాత్రి నిలుస్తాయి కనుక రెండింటికీ విడివిడిగా లెక్కకట్టి స్థలం వృథా చేయవద్దు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఇప్పటికే అక్కడ అద్దెకు ఉంటున్నవారి సంగతి. కొత్త భవనం పూర్తయ్యాక పాత దుకాణదారుకు గది ఇస్తామన్న హామీ ఒక్కటే చాలదు. నిర్మాణం సాగినన్నాళ్లూ అతని ఖాతాదారులు నడిచి రాగలిగే దూరంలో తాత్కాలిక చోటు, తర్వాత అతను భరించగలిగే చిన్న గది, కొన్నేళ్లపాటు అద్దె పెంపుపై హద్దు కావాలి. అందుకే పేటంతా ఒకేసారి కూల్చనివ్వకు, ముందు ఖాళీ స్థలంలో కట్టి, వారిని అందులోకి మార్చాకే తర్వాతి భాగం చేపట్టు. యజమానుల జాబితా కార్యాలయంలో దొరుకుతుంది, అద్దెదారుల జాబితా మాత్రం నీవు గడపగడపకూ తిరిగి రాసుకోవలసిందే. డిజైన్ గీయక ముందే ఆ సర్వే ముగించి, పటాలతో కలిపి నాకు పంపు. చూసి వివరంగా రాస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి