బాబాయిల చేతిలో తుపాకులు, వంటింట్లో బ్రెడ్డు ముక్కలు

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాన్స్‌లో జాబ్ చేస్తున్నాడండీ. ఆఫీసులో లంచ్ టైంలో ఎవరో ఒకరు పాత సినిమా డైలాగ్ ఒకటి అంటే మిగతావాళ్ళంతా పగలబడి నవ్వుతారట, వీడికి ముక్క అర్థం కాదట. పేరు ‘లే తోంతోం ఫ్లాంగర్’ అన్నాడు. అంత పాత సినిమాలో ఏముందండీ?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మంచి సినిమా గురించి అడిగారండీ, నాకు ప్రాణం అది. పేరుకి అర్థం సుమారుగా తుపాకీ బాబాయిలు అనుకోండి. 1963లో వచ్చింది, బ్లాక్ అండ్ వైట్, డైరెక్టర్ జార్జ్ లోట్నర్. అప్పట్లోనే ఫ్రాన్స్‌లో సుమారు 33 లక్షల టికెట్లు తెగాయి, ఆ తర్వాత టీవీలో మళ్ళీ మళ్ళీ వేయడంతో ఇంటింటి సినిమా అయిపోయింది.

కథ చిన్నదే. ఫెర్నాండ్ అని ఒకాయన, పాత రౌడీ, అన్నీ మానేసి మాంతోబాన్ అనే ఊళ్ళో ట్రాక్టర్ల బిజినెస్ చేసుకుంటుంటాడు, పారిస్‌లో చావుబతుకుల్లో ఉన్న ఫ్రెండ్ పిలిచి తన దొంగ దందాలన్నీ, కూతుర్నీ ఈయన చేతిలో పెట్టి పోతాడు, ఇక దందా మీద కన్నేసిన వోల్ఫోనీ బ్రదర్స్‌తో గొడవలే గొడవలు. ఫెర్నాండ్‌గా లీనో వెంతూరా వేశాడు, ఈయన ఒకప్పుడు నిజం కుస్తీ వీరుడు, అందుకే ఆ గుద్దులు అంత నమ్మకంగా ఉంటాయి.

కానీ సినిమాని ఇన్నాళ్ళు బతికించింది మిషెల్ ఓదియార్ రాసిన మాటలండీ. పారిస్ వీధుల యాస, దాని మీద పెద్దమనుషుల మర్యాద, రెండూ ఒకే వాక్యంలో. వంటింటి సీన్ చూడండి. ఇంట్లో అమ్మాయి పార్టీ, కుర్రకారు డాన్సులు, ఇక్కడేమో కరుడుగట్టిన రౌడీలు టేబుల్ చుట్టూ కూర్చుని బ్రెడ్డు ముక్కలకి వెన్న రాస్తూ ఉంటారు, మధ్యలో పాత నాటుసారా సీసా బయటికొస్తుంది. తాగిన కస్టమర్లకి చూపు పోతుంటే తయారీ ఆపేశారట, అంత ఘాటు సరుకు. ఒకడు యాపిల్ రుచి తగులుతోందంటాడు, ఉంది అంటాడు ఇంకొకడు. కాసేపాగి, ఇందులో యాపిల్ ఒక్కటే కాదు, ఇంకేదో ఉందే... బీట్‌రూటా? అదీ ఉంది! అంతే డైలాగు, కానీ కళ్ళలో నీళ్ళు కారుతుంటే సీరియస్‌గా చెప్పుకుంటారు చూడండి, నేను ఎన్నిసార్లు చూసినా నవ్వాగదు.

ఇంకోటి, వెధవలు దేనికైనా తెగిస్తారు, అసలు వాళ్ళని గుర్తుపట్టేదే దాంతో, అంటాడు ఫెర్నాండ్. ఇది సామెతలాగా వాడేస్తారు అక్కడ, మనం పాత సినిమా డైలాగులు మాటల మధ్యలో వేసుకోమూ, అలాగే.

సబ్‌టైటిల్స్‌తో చూస్తే సగం రుచి పోతుంది, మొదటిసారి నాకూ అదే అయింది. మీ అబ్బాయిని ముందు వంటింటి సీన్ ఒక్కటే చూడమనండి, అదీ ఆఫీసులో నవ్వే ఆ కొలీగ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో మాట ఆపి అడుగుతూ. వాళ్ళు సంతోషంగా చెప్తారు.