మాస్టారిని అడగండి: కొన్న అగ్నిపర్వతం, చేసిన మోటారు

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. గుణుపురం దగ్గర ప్రభుత్వ బడిలో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సైన్సు చెబుతున్నాను. తెలుగిళ్ల పిల్లలు, ఒడియా పిల్లలు, సవర పిల్లలు కలిసి కూర్చుంటారు. పాఠం ఒడియాలో. ఎంత చెప్పినా వెనక బెంచీల్లో కదలిక లేదు. చేతిపనితోనైనా హుషారు వస్తుందని ప్రాజెక్టులిచ్చి పది మార్కులు పెట్టాను. నలుగురు తెచ్చారు. అన్నీ థర్మకోల్ అగ్నిపర్వతాలు, కొట్లో కొన్న చార్టులు. మిగతావాళ్లలో చాలామంది ఆ రోజు బడికే రాలేదు. చేతిపని వల్ల నిజంగా చదువు మీద ఇష్టం పుడుతుందా?
ఒక టీచరమ్మ, రాయగడ జిల్లా

జవాబు: పుడుతుందమ్మా. అయితే ఆ అగ్నిపర్వతంతో పుట్టదు. థర్మకోల్ కోసి రంగు పూశాక అది బాగుందో లేదో చెప్పాల్సింది మీరే. మార్కు కోసం మీ ముఖం చూడటం తప్ప పిల్లాడికి ఇంక పనేముంది? పైగా ఇంట్లో డబ్బున్నవాడిదే మెరుస్తుంది. లేనివాడు ఆ పూట బడి ఎగ్గొడతాడు, వాడి తప్పేం లేదు.

కుదిరితే ఆడేది, కుదరకపోతే మొరాయించేది వాళ్ల చేతికివ్వండి. తప్పు ఎక్కడుందో ఆ వస్తువే చెప్పాలి. తరగతి అందరి ముందూ టీచరు ‘తప్పు’ అంటే పిల్లాడు ముడుచుకుపోతాడు. చేతిలో తీగచుట్ట తిరగకపోతే మాత్రం పంతం పడతాడు.

ఎనిమిదో తరగతికి మోటారుతో మొదలుపెట్టండి. టార్చిలైటు పెద్ద సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, పాడైన స్పీకరులోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం, మోటార్లు వైండింగ్ చేసే కొట్లో మిగిలిపోయిన ఎనామిల్ రాగితీగ కాస్త. తీగని సెల్లు చుట్టూ పది పన్నెండు చుట్లు చుట్టి తీసి, రెండు కొసలూ ఎదురెదురుగా తిన్నగా బయటికి లాగాలి. సెల్లు రెండు చివరలకీ పిన్నీసులు పెట్టి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాలి. పిన్నీసుల కన్నాల్లో తీగ కొసలు, సెల్లు మీద అయస్కాంతం.

ఇక్కడే ఉంది అసలు పని. తీగ మీది పూతని గరుకు కాగితంతో గీకాలి: ఒక కొసకి చుట్టూతా, రెండో కొసకి ఒక పక్కన సగం మాత్రమే. ఈ సంగతి ముందే చెప్పెయ్యకండి. అందరూ రెండు కొసలూ పూర్తిగా గీకేస్తారు. చుట్ట వణుకుతుంది, అటూ ఇటూ ఊగుతుంది, తిరగదు. అప్పుడు వెనక బెంచీలు లేస్తాయి చూడండి. సగం చుట్టు ముందుకు తోసిన అయస్కాంతమే మిగతా సగం వెనక్కి లాగుతోందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఆ వెనక్కి లాగే సగంలో కరెంటు ఆగిపోతే? పూత అలా ఉంచిన వైపు ఆగిపోతుంది, చుట్ట తన ఊపుతోనే ఆ సగం దాటేస్తుంది. ఆ మాట పిల్లల నోటే రావాలి, తెలుగులోనో ఒడియాలోనో సవరలోనో, ఏది ముందొస్తే అందులో. ఒడియా పాఠం ఆ తర్వాత చదివించండి, తిరిగే చుట్ట ఎదురుగా ఉంటే పాఠం బరువుండదు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాళ్ల భాష నేర్చుకుని, పుస్తకాలు రాసి, బడులు పెట్టిన గిడుగు రామమూర్తి గారు పని చేసింది మా పర్లాకిమిడిలోనే కదా.

ఒక జాగ్రత్త. చుట్ట తిరగకుండా ఆగిపోతే వెంటనే తీసెయ్యమనండి, సెల్లు వేడెక్కుతుంది. గోడ ప్లగ్గు జోలికి ఎవరూ పోకూడదు.

మార్కులు తీసెయ్యండి. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చిన్నపిల్లలతో ఒక పరీక్ష చేశారు. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లలే వాళ్లంతా. గీస్తే బహుమతి ఇస్తామని ముందే ఆశపెట్టిన పిల్లలు తర్వాత తీరిక దొరికినా గీయడం తగ్గించేశారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్లు తగ్గించలేదు. మీ పది మార్కులు ఈ మొదటి రకం. చేసినవాణ్ని మెచ్చుకోండి, ఆశ మాత్రం ముందు పెట్టకండి.

ఇంటికి పని ఇవ్వకండి. పీరియడ్‌లోనే, ఇద్దరికి ఒక మోటారు చొప్పున. సరుకు బడిదే అయితే ఎవరూ చిన్నబోరు. ఇదేం కొత్త కాదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమం 1972లో 16 బడుల్లో ఇలా ప్రయోగాలతోనే మొదలైంది. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబుతో బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా పని మొదలుపెట్టింది కూడా అక్కడే.

2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా పనివాళ్ల దగ్గర గడపమంటోంది. హెడ్మాస్టరు గారికి అది చూపించి ఒక రోజు పిల్లల్ని పర్లాకిమిడి తీసుకురండి. మా కొమ్ముపనివాళ్లు గేదె కొమ్ముని వేడి చేసి మెత్తబరిచి కొంగ మెడలా వంచుతారు. మన గోళ్లలో, జుట్టులో ఉండే కెరటిన్ అనే పదార్థమే కొమ్ములోనూ ఉంది. అది పుస్తకంలో చదవడం వేరు, వేడి కొమ్ము వంగుతుంటే కళ్లారా చూడటం వేరు. ఊళ్లో వెదురు తట్టలల్లే సవర ముసలమ్మని ఒక పూట మీ బడికే పిలవండి. ఆవిడ మనవడు, చదువులో వెనకబడ్డాడని మీరనుకుంటున్నవాడు, ఆ పూట ముందు వరసలో ఉంటాడు.

ప్రశ్న: మా గుంటడు తొమ్మిదో తరగతి. పాత రేడియోలు, ఫ్యాన్లు విప్పుకుని కూర్చుంటాడు. వచ్చే ఏడు పది పరీక్షలు. మానిపించమంటారా మాస్టారూ?
ఒక తల్లి, కాశీనగర్

జవాబు: మానిపించకు తల్లీ. రెండు షరతులు పెట్టు. విప్పినదాన్ని మళ్లీ బిగించాలి. విప్పేటప్పుడు ఏది దేనికి కలిసి ఉందో నోటుబుక్కులో బొమ్మ గీసి పేర్లు రాయాలి. పదిలో కరెంటు పాఠం ఎలాగూ ఉంది, ఆ బొమ్మలు దానికి పనికొస్తాయి. పగలు లెక్కలు, సాయంత్రం స్క్రూడ్రైవరు అని వేళ కట్టు. ఒక్క పాత డబ్బా టీవీ వెనక మూత మాత్రం తెరవనివ్వకు, ప్లగ్గు పీకేశాక కూడా లోపల ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.